చిన్న నగరం నివాసానికి ఎంత అనుకూలం? బహిరంగ గణాంకాలతో తేల్చుకునే పద్ధతి

నివాసయోగ్యమైన నగరాల జాబితాలు ఏటా వెలువడుతూనే ఉంటాయి గానీ, వాటిలో చిన్న నగరాల పేర్లు వెతికినా దొరకవు. ఎకనమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ వారి ప్రసిద్ధ సూచీ ప్రపంచం మొత్తం మీద 173 నగరాలకే మార్కులు వేస్తుంది. విదేశాలకు బదిలీ అయ్యే ఉద్యోగులకు కష్టభత్యం ఎంత ఇవ్వాలో తేల్చుకునేందుకు కంపెనీలు ఇలాంటి సూచీలను వాడుకుంటాయి కాబట్టి, అందులో తూకాలన్నీ ఆ అవసరానికి తగ్గట్టే ఉంటాయి. లక్ష, రెండు లక్షల జనాభా ఉన్న ఊరికి మారాలనుకునే కుటుంబానికి ఆ జాబితా ఏ విధంగానూ అక్కరకు రాదు. అటువంటి ఊరి గురించి తేల్చుకోవాలంటే జనగణన పట్టికలు, గాలి నాణ్యత నమోదులు, ఉపగ్రహ చిత్రాలు, పురపాలక సంఘం లెక్కలు మనమే ముందు పెట్టుకుని కూర్చోవాలి.

ఈ పనికి గణితం పెద్దగా అవసరం లేదు. అయితే పెద్ద నగరానికి పనికివచ్చే పద్ధతిని చిన్న నగరం మీద యథాతథంగా ప్రయోగిస్తే దారి తప్పుతాము. చిన్న ఊళ్లో సంఘటనలూ కొలిచే కేంద్రాలూ తక్కువగా ఉంటాయి కాబట్టి, ప్రతి అంకె వెనుకా అది ఎక్కడ కొలిచినది, ఎందరిలో ఎందరు అన్న రెండు ప్రశ్నలు వేయక తప్పదు.

పని మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద, ఏ లోపం ఉంటే ఆ ఊళ్లో ఉండలేమో మూడు నాలుగు వాక్యాల్లో రాసుకోవాలి. ఉబ్బసం ఉన్న పిల్లవాడున్న ఇంటికి ఏడాది సగటు గాలి కంటే అతి చెడ్డ నెలలోని గాలి ముఖ్యం. వయసు మళ్లిన తల్లిదండ్రులున్న ఇంటికి సినిమా హాళ్ల సంఖ్య కంటే స్కానింగ్ సదుపాయమున్న ఆసుపత్రి ఎంత దూరమన్నది ముఖ్యం. ఇంటి నుంచే ఉద్యోగం చేసేవారికి కరెంటు కోతల లెక్క, ఇంటర్నెట్ వేగం ముందుకు వస్తాయి. ఈ కాగితం లేకుండా గణాంకాల్లోకి దిగితే, దొరికిన అంకెలే ముఖ్యమైనవిగా కనబడటం మొదలవుతుంది.

హద్దు ఎక్కడిది?

మొదటి చిక్కు ఊరి పేరులోనే ఉంది. ఒకే పేరు పురపాలక సంఘానికీ, దాని చుట్టూ ఉన్న పెద్ద పరిపాలనా విభాగానికీ ఉండవచ్చు. ఒక పట్టికలో 80 వేలు, మరో పట్టికలో 6 లక్షల జనాభా కనబడితే రెండూ సరైనవే అయి ఉండవచ్చు, వాటి హద్దులు వేరు, అంతే. ఆసుపత్రి పడకలు ఒక హద్దు ప్రకారం, జనాభా మరో హద్దు ప్రకారం తీసుకుని భాగిస్తే వచ్చే అంకెకు అర్థమే ఉండదు. జనసాంద్రత విషయంలో ఈ పొరపాటు మరీ సులువుగా జరుగుతుంది. అధికారిక హద్దులో పొలాలు, చెరువులు, కొండలు కలిసి ఉన్న ఊరు కాగితం మీద విశాలంగా, ఊపిరి పీల్చుకునేలా కనబడుతుంది. జనం నివసించే నాలుగు వీధుల్లో పరిస్థితి మాత్రం పూర్తిగా వేరుగా ఉండవచ్చు.

దేశదేశానికీ మారే ఈ హద్దుల గొడవ తప్పించడానికే ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2020లో ఒక ఉమ్మడి నిర్వచనాన్ని ఆమోదించింది. భూమిని చదరపు కిలోమీటరు గళ్లుగా విభజించి, గడికి కనీసం 1,500 మంది ఉన్న గళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండి, అన్నీ కలిపి 50 వేల జనాభా దాటితే దాన్ని నగరం అంటారు. యూరోపియన్ కమిషన్ వారి ఉమ్మడి పరిశోధనా కేంద్రం రూపొందించిన జనావాసాల పటాలు ఈ లెక్క ప్రకారమే తయారై, ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. అధికారిక హద్దునూ ఈ గళ్ల హద్దునూ ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే, ఊరు ఎటు పెరుగుతోందో, పెరిగిన భాగం పురపాలక సంఘం సేవల పరిధిలో ఉందో లేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది. పరిధి దాటి పెరిగిన భాగంలో ఇల్లు చూస్తున్నట్లయితే, ఊరి పేరు మీద వచ్చే నీటి సరఫరా, చెత్త సేకరణ లెక్కలు మీ ఇంటికి వర్తించవని గుర్తుపెట్టుకోవాలి.

చిన్న లెక్కల మాయ

60 వేల జనాభా ఉన్న ఒక ఊళ్లో ఒక ఏడాది మూడు హత్యలు జరిగాయనుకుందాం. లక్షకు ఐదు అన్నమాట. మరుసటి ఏడాది ఆరు జరిగితే రేటు లక్షకు పది అవుతుంది. హత్యలు రెట్టింపయ్యాయని పతాక శీర్షిక వస్తుంది. కానీ ఆ ఊరి అసలు స్వభావం ఏమాత్రం మారకుండానే, కేవలం కాకతాళీయంగా ఈ తేడా రావచ్చు. అరుదైన సంఘటనలకు వాడే పాయిసాన్ లెక్క ప్రకారం, ఒక ఏడాది మూడు జరిగాయంటే దాని వెనుక ఉన్న దీర్ఘకాలిక సగటు 95 శాతం విశ్వాసంతో 0.6 నుంచి 8.8 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. అంటే లక్షకు ఒకటి నుంచి దాదాపు పదిహేను దాకా. ఇంత వెడల్పైన పరిధి నుంచి ఆ ఊరు శాంతంగా ఉంటుందనీ చెప్పలేము, ప్రమాదకరమనీ చెప్పలేము.

అందుకే చిన్న నగరం విషయంలో ఒక్క ఏడాది అంకెను ఎన్నడూ తీసుకోకూడదు. కనీసం ఐదేళ్ల సంఘటనలను కూడి, ఐదేళ్ల జనాభాతో భాగించాలి. ఏ జాబితాలోనైనా అట్టడుగునా, శిఖరానా రెండు చోట్లా చిన్న ఊళ్లే ఎక్కువగా కనబడటానికి కారణం కూడా ఇదే. లెక్క చిన్నదయ్యేకొద్దీ ఊగిసలాట పెరుగుతుంది. ర్యాంకుల మీద నాకు నమ్మకం పోయింది ఇక్కడే.

నేరాల పట్టికలో మరో మెలిక ఉంది. నమోదైన దొంగతనాలు ఎక్కువగా ఉన్న ఊళ్లో దొంగతనాలే ఎక్కువగా ఉండవచ్చు, లేదా ఫిర్యాదు చేస్తే పోలీసులు తీసుకుంటారన్న నమ్మకం జనానికి ఎక్కువగా ఉండవచ్చు. హత్యను దాచడం కష్టం. బీమా ఉన్న చోట వాహన దొంగతనానికి ఫిర్యాదు పత్రం కావాలి కాబట్టి అదీ చాలావరకు నమోదవుతుంది. ఊరికీ ఊరికీ పోల్చేటప్పుడు ఈ రెండింటినీ మాత్రమే నమ్మి, మిగిలినవాటిని ఒకే ఊళ్లో ఏళ్ల తరబడి వచ్చిన మార్పు తెలుసుకోవడానికి వాడుకోవడం మంచిది. రోడ్డు ప్రమాద మరణాల లెక్క కూడా కలిపి చూడాలి. చిన్న నగరాల గుండా వెళ్లే ప్రధాన రహదారుల మీద ఒకే మలుపు దగ్గర మళ్లీ మళ్లీ మరణాలు నమోదవుతుంటే, ఇల్లు ఆ రోడ్డుకు ఏ వైపున తీసుకోవాలో అక్కడే తేలుతుంది.

గాలి

గాలి గురించి కాస్త ఎక్కువసేపు ఆగక తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం2.5 సూక్ష్మకణాల ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించకూడదని మార్గదర్శకం ఇచ్చింది. 2005లో అదే సంస్థ పెట్టిన గీత 10. ప్రపంచ జనాభాలో అత్యధికులు ఈ గీతకు పైనే బతుకుతున్నారు కాబట్టి, ఊరు 5 దాటిందా లేదా అన్న ప్రశ్నతో ఎంపిక తేలదు. ఎంత దాటింది, ఏ నెలల్లో దాటింది అన్నది చూడాలి.

చాలా చిన్న నగరాల్లో కొలిచే కేంద్రం ఒక్కటే ఉంటుంది, కొన్నింటిలో అదీ ఉండదు. ఒక్కటే ఉన్నప్పుడు మొదట చేయవలసిన పని దాని అక్షాంశ రేఖాంశాలు తీసుకుని ఉపగ్రహ చిత్రంలో పెట్టి చూడటం. చెట్ల మధ్య ఉన్న కార్యాలయం డాబా మీద ఉన్న యంత్రం చెప్పేది ఆ డాబా గాలి గురించే. బస్టాండు పక్కనున్న ఇంట్లో పీల్చేది వేరు. ఏడాదిలో గాలి ఎక్కువగా ఎటు నుంచి వీస్తుందో వాతావరణ శాఖ పట్టికలో చూసుకుని, కర్మాగారాలు, ఇటుక బట్టీలు, చెత్త తగలబెట్టే చోట్లు కేంద్రానికి ఏ దిశలో ఉన్నాయో గుర్తించాలి. పొగ చేరని వైపున, అంటే గాలి వీచి వచ్చే వైపున కేంద్రం ఉంటే, ఊరంతా ఆ కేంద్రం చెప్పినంత స్వచ్ఛంగా ఉండదు.

రెండోది, ఖాళీ రోజులు. ఉదాహరణకు, ఒక కేంద్రం ఏడాదిలో 275 రోజులే పనిచేసి, సగటు 20 అని చూపిందనుకుందాం. పనిచేయని 90 రోజులూ చలికాలంలోవే అయి, ఆ రోజుల్లో అసలు స్థాయి 60 ఉందనుకుంటే, ఏడాది నిజమైన సగటు దాదాపు 30 అవుతుంది. పట్టికలో ఉన్న 20 అబద్ధం కాదు, కానీ ఊరి గాలి 20 కాదు. అందుకే ఏడాది సగటు తీసుకునే ముందు నెలవారీగా ఎన్ని రోజుల నమోదులు ఉన్నాయో లెక్కపెట్టాలి. ఏ నెలలోనైనా నాలుగింట మూడొంతుల రోజులు లేకపోతే ఆ ఏడాదిని పక్కన పెట్టడం నా అలవాటు. ఓపెన్‌ఏక్యూ వంటి వేదికలు అనేక దేశాల కేంద్రాల నమోదులను ఒకే చోట చేర్చి ఇస్తున్నాయి కనుక, ఈ లెక్క సాధారణ స్ప్రెడ్‌షీట్‌లోనే పూర్తవుతుంది.

కేంద్రమే లేని ఊరికి ఉపగ్రహాల ఆధారంగా వేసిన అంచనాలు ఉన్నాయి. అవి సుమారు కిలోమీటరు గళ్లలో దొరుకుతాయి. ఊరి గడి విలువను చుట్టుపక్కల ఊళ్ల గళ్లతో పోల్చడానికి అవి బాగా పనికివస్తాయి. వీధికీ వీధికీ తేడా చెప్పడానికి మాత్రం పనికిరావు.

ఎండ, నీరు, ముంపు

ఊరి వేడిని పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతతో కొలవడం అందరికీ అలవాటైన పద్ధతే గానీ, నిద్రనూ ఆరోగ్యాన్నీ ఎక్కువగా దెబ్బతీసేది చల్లబడని రాత్రి. కనిష్ఠ ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు దిగని రాత్రులను శాస్త్రవేత్తలు ఉష్ణమండల రాత్రులు అంటారు. వేడి ప్రాంతాల్లో ఆ గీత ఎందుకూ కొరగాదు కాబట్టి 25గానో 28గానో పెట్టుకుని, అలాంటి రాత్రులు ఏడాదికి ఎన్నో, 30 ఏళ్లలో ఎలా పెరిగాయో చూడాలి. ఊళ్లో వాతావరణ కేంద్రం లేకపోతే యూరప్ వారి ఈఆర్ఏ5 పునర్విశ్లేషణ (పాత వాతావరణ కొలతలను కంప్యూటర్ నమూనాతో కలిపి వేసిన లెక్క) డేటాలో 1940 నుంచి గంటగంటకూ అంచనాలు ఉన్నాయి. దాని గడి సుమారు 31 కిలోమీటర్లది కనుక ఊరి నడిబొడ్డు వేడి అందులో కనబడదు. కాంక్రీటు, తారురోడ్లు నిండిన చోటు రాత్రిపూట అంతకంటే వేడిగానే ఉంటుందని అనుకోవాలి. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం తీసే ఉష్ణచిత్రాలు ఏ వాడ ఎక్కువ కాలుతోందో చక్కగా చూపుతాయి. అయితే ఆ ఉపగ్రహం ఉదయం పది గంటల ప్రాంతంలో ఊరి మీదుగా పోతుంది, అది చూసేది నేల, కప్పుల ఉపరితలాన్ని. ఆ చిత్రం చూసి రాత్రి గాలి ఎంత వేడిగా ఉంటుందో చెప్పడం సాహసమే.

ముంపు విషయంలో ఉపగ్రహాలు చేసే మేలు ఇంతా అంతా కాదు. 1984 నుంచి భూమి మీద ఎక్కడెక్కడ, ఎంత తరచుగా నీరు నిలిచిందో 30 మీటర్ల వివరంతో చూపే పటం ఉచితంగా దొరుకుతుంది. ఇప్పుడు లేఅవుట్ వేసిన స్థలం ముప్పై ఏళ్ల కిందట చెరువు శిఖమా, వాగు దారా అన్నది అందులో తెలిసిపోతుంది. మబ్బులు కమ్మిన వరద రోజుల్లో మామూలు ఉపగ్రహ చిత్రాల్లో మేఘాలు తప్ప ఏమీ కనబడవు. అప్పుడు సెంటినెల్-1 ఉపగ్రహపు రాడార్ చిత్రాలు చూడాలి, ఆ తరంగాలు మబ్బులను దాటి వెళతాయి.

తాగునీటి లెక్కల్లో తలసరి లీటర్ల కంటే రోజుకు ఎన్ని గంటల సరఫరా, వేసవిలో ఎన్ని రోజులకొకసారి అన్నవే వాడుకలో అక్కరకొచ్చే వివరాలు. తలసరి లీటర్లు శుద్ధి కేంద్రం దగ్గర కొలిచినవైతే, దారిలో కారిపోయినదంతా మీ వాటాలో కలిసిపోతుంది. నీటి పరీక్షల నివేదిక దొరికితే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాము అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులతో పోల్చుకోవాలి.

జనం ఏం చేస్తున్నారు?

ఊరి మీద అక్కడి వారికే ఉన్న అభిప్రాయం జనగణనలో దాగి ఉంటుంది. దాన్ని బయటకు తీయడానికి ఒక సులువైన ఉపాయం ఉంది. ఒక జనగణనలో 10 నుంచి 14 ఏళ్ల వయసున్న వారే పదేళ్ల తర్వాతి జనగణనలో 20 నుంచి 24 ఏళ్ల వారవుతారు. మొదటిసారి 4,000 మంది ఉండి, రెండోసారి 2,900 మందే ఉన్నారనుకుందాం. ఆ వయసులో మరణాలు చాలా తక్కువ కాబట్టి, వచ్చినవారిని తీసివేయగా 1,100 మంది, అంటే నాలుగోవంతుకు పైగా యువత, ఊరు విడిచి వెళ్లారని అర్థం. చదువుల కోసం వెళ్లడం ఎక్కడైనా ఉన్నదే కనుక ఇంతటితో తీర్పు చెప్పకూడదు. 25 నుంచి 29 ఏళ్ల వారు పదేళ్ల తర్వాత 35 నుంచి 39 ఏళ్ల వారయ్యేసరికి పెరిగారా, తగ్గారా అని కూడా చూడాలి. పెరిగితే పిల్లలతో కాపురం పెట్టడానికి జనం ఈ ఊరిని ఎంచుకుంటున్నారన్న మాట. నాకు తెలిసి నివాసయోగ్యతకు ఇంతకంటే నిజాయితీగల కొలత మరొకటి లేదు, ఎందుకంటే ఇక్కడ జనం చెప్పిన మాటను బట్టి గాక, మూట కట్టుకుని వెళ్లిన దారిని బట్టి లెక్క వస్తుంది. ఒక్క జాగ్రత్త అవసరం. ఊళ్లో పెద్ద కళాశాలో, సైనిక శిబిరమో, జైలో ఉంటే ఆ వయసుల లెక్క ఉబ్బిపోతుంది. హాస్టళ్లు, సంస్థల్లో ఉండేవారిని జనగణన పట్టికలు విడిగా చూపితే వారిని తీసేసి లెక్కించాలి.

ఉపాధి విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. ఏ రంగంలో ఎందరు పనిచేస్తున్నారో చూసి, ఒకే కర్మాగారమో ఒకే గనో ఊరి పనివాళ్లలో పెద్ద వాటాను పోషిస్తుంటే, ఆ సంస్థ భవిష్యత్తే ఊరి భవిష్యత్తని గ్రహించాలి.

దూరాలు, వైద్యం

చిన్న నగరానికి ఉన్న పెద్ద వరం దగ్గరితనం. దాన్ని కొలవడానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ పటం సరిపోతుంది. ఇంటి నుంచి పదిహేను నిమిషాల నడకలో చేరగల ప్రాంతాన్ని గీసి ఇచ్చే ఉచిత పనిముట్లు ఉన్నాయి. ఆ గీతలో బడి, మందుల దుకాణం, కూరగాయల అంగడి, పార్కు ఉన్నాయో లేదో చూసుకోవచ్చు. ఈ పటాన్ని స్వచ్ఛంద సేవకులు నింపుతారు కనుక, చిన్న ఊళ్లలో పటంలో లేనంత మాత్రాన నేల మీద లేదని అనుకోకూడదు. ఉపగ్రహ చిత్రంలో కనబడే ఇళ్లలో ఎన్ని పటంలోకి ఎక్కాయో ఒక వాడలో లెక్కపెట్టి చూస్తే, ఆ ఊరి పటాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలుస్తుంది.

వైద్యంలో పడకల సంఖ్యకు ఉన్న విలువ తక్కువ. మెదడులో రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వస్తే, గడ్డను కరిగించే మందు 4.5 గంటల్లోపు ఇవ్వాలి, అంతకు ముందే స్కాన్ తీయాలి. కాబట్టి అడగవలసిన ప్రశ్న ఒకటే: రాత్రి రెండు గంటలకు సీటీ స్కాన్ తీసే ఆసుపత్రి ఎన్ని నిమిషాల దూరంలో ఉంది? అది పక్క నగరంలో ఉంటే ఆ దారి సమయాన్ని కూడా కొలవాలి. పటంలోని ప్రయాణ సమయం ఖాళీ రోడ్డుకు వేసినదని గుర్తుంచుకోవాలి.

ఇల్లు, పురపాలక సంఘం లెక్కలు

అద్దెల ప్రకటనలు చూసి ధరలు అంచనా వేసేటప్పుడు ఒక సంగతి గమనించాలి. మంచి ఇల్లు ప్రకటన పడగానే పోతుంది, ధర ఎక్కువైన ఇల్లు నెలల తరబడి జాబితాలో ఉండిపోతుంది. అందువల్ల ఏ రోజు చూసినా జాబితా అసలు అద్దెల కంటే పైనే కనబడుతుంది. అమ్మకాల రిజిస్ట్రేషన్ డేటా దొరికితే, చిన్న ఊళ్లో నెలకు కొన్నే అమ్మకాలు ఉంటాయి కాబట్టి, పన్నెండు నెలలవి కలిపి మధ్యస్థ విలువ (ధరలను వరుసగా పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేది) తీసుకోవాలి.

ఇక, ఎవరూ చదవని, అందరూ చదవవలసిన పత్రం పురపాలక సంఘం వార్షిక లెక్క. బడ్జెట్ అంచనాలు ఆశలను చెబుతాయి, జరిగినది తెలిసేది వాస్తవ లెక్కల్లోనే. కనీసం మూడేళ్లవి పక్కపక్కన పెట్టి, మురుగు కాలువలకు, వీధి దీపాలకు, రోడ్ల మరమ్మతులకు కేటాయించినదెంత, ఖర్చు పెట్టినదెంత అని చూడాలి. సొంత పన్నుల ద్వారా వచ్చే వాటా ఏటా తగ్గుతూ, జీతాలు, పింఛన్ల ఖర్చు పెరుగుతూ ఉంటే, నేడు బాగున్న రోడ్లు పదేళ్ల తర్వాత ఎలా ఉంటాయో ఊహించడం కష్టం కాదు. ఆడిట్ అభ్యంతరాల్లో ఒకే పంపుహౌస్ పేరు ఏటా కనబడితే, ఆ పంపుహౌస్ కింద ఉన్న వార్డుల్లో ఇల్లు చూడకుండా ఉండటం మేలు. సమావేశాల మినిట్స్ కూడా ఇలాగే చదవాలి. ప్రగతి నివేదికలో ముగిసిందన్న పనిపై మరుసటి నెల సమావేశంలో సభ్యులు గొడవపడటం అక్కడ కనబడుతుంది.

అన్నీ కలిపి చూడటం

ఇన్ని అంకెలు చేతికొచ్చాక వాటికి తూకాలు వేసి ఒకే మార్కుగా కలపాలనిపించడం సహజం. నేనైతే వద్దంటాను. తూకాలు కొద్దిగా మారిస్తే ర్యాంకులు తారుమారవుతాయని స్ప్రెడ్‌షీట్‌లో పది నిమిషాలు ఆడుకుంటే ఎవరికైనా తెలుస్తుంది. పైగా చెడ్డ నీటిని మంచి పార్కులు పూడ్చలేవు, మార్కుల కూడికలో మాత్రం పూడ్చేస్తాయి. దానికి బదులు, ఇదే పరిమాణం, ఇదే వాతావరణం ఉన్న మరో ఆరేడు ఊళ్లను ఎంచుకుని, ఒక్కో అంశంలో మన ఊరు వాటి మధ్య ఎక్కడుందో వరుసగా రాసుకోవాలి. మొదట రాసుకున్న కాగితంలోని అంశాల్లో ఏ ఒక్కటి తప్పినా ఆ ఊరిని పక్కన పెట్టేయాలి. ప్రతి అంకె పక్కనా అది ఏ ఏడాదిది, ఏ హద్దుది, ఎన్ని సంఘటనల మీద ఆధారపడినది అన్న మూడు వివరాలు రాసి ఉంచాలి. జనగణన పదేళ్ల కిందటిదై, గాలి నమోదు గత ఏడాదిదై ఉంటే, పాతదానికి కొంత తక్కువ విలువ ఇవ్వడం ఈ రాతల వల్లే సాధ్యమవుతుంది.

మిగిలిన ఊళ్లను చూడటానికి వెళ్లేటప్పుడు ఆ కాగితాన్ని వెంట తీసుకువెళ్లాలి. గాలి కేంద్రం ఉన్న డాబా దగ్గరకూ, బస్టాండు వెనుక వీధికీ ఒకే సాయంత్రం వెళ్లాలి. ముంపు పటంలో నీలం రంగు పడిన చోట ఇళ్ల గోడల మీద నీటి చారలు ఎంత ఎత్తున ఉన్నాయో చూడాలి. అక్కడి నుంచి రాత్రి భోజనాల వేళ దాటాక సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి ఒకసారి బండి మీద వెళ్లి, గడియారం చూసుకుని, పటం చెప్పిన నిమిషాల పక్కన అసలు పట్టిన నిమిషాలు రాసుకోవాలి.